అద్దాలు తీసేసి జూడో మ్యాట్ మీదికి: నా అనుభవం

జనవరిలో అడిగాను. మార్చి మొదటి వారంలో మ్యాట్ ఎక్కాను. సెప్టెంబరు చివర్లో పసుపు బెల్ట్ చేతికొచ్చింది. "అందరికీ ప్రవేశం" అని చెప్పుకునే జూడో క్లబ్బులో చేరాలని ఉండి, ఎలా ఉంటుందో తెలియక వెనకాడుతున్నవాళ్ల కోసం ఇది వరసగా రాస్తున్నాను. నా గురించి తెలియాల్సింది కొంచెమే. నలభై దాటాయి, ఎప్పుడూ ఆటలాడిన ఒళ్లు కాదు, రెండు కళ్లకూ పెద్ద మైనస్ పవర్. జూడోలో అద్దాలు పెట్టుకోనివ్వరు. తీసేస్తే చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మొహం కూడా నాకు మసకే.

ఫోన్ చేసినప్పుడు "మీరు అందర్నీ తీసుకుంటారా?" అని అడగడం దండగ. కాదని ఎవరూ అనరు. పనికొచ్చే ప్రశ్నలు ఇవి: కొత్తవాళ్లకు విడిగా బ్యాచ్ ఉందా, పాతవాళ్లలో కలిపేస్తారా? మ్యాట్ మీద మాస్టర్ కాకుండా సహాయకులు ఎంతమంది ఉంటారు? చూపు సరిగా లేనివాళ్లకు, వినపడనివాళ్లకు టెక్నిక్ ఎలా చెప్తారు? మాస్టర్ రాని రోజున క్లాసు ఎవరు నడుపుతారు, మన సంగతి వాళ్లకి ఎవరు చెప్తారు? చివరి ప్రశ్నకు అప్పట్లో నేను పెద్ద విలువ ఇవ్వలేదు. తర్వాత అదే ముఖ్యమని తేలింది. ఒక చోట "అదేం సమస్య కాదండీ, వచ్చేయండి" అన్నారు. ఇంకో చోట నన్నే తిరిగి ప్రశ్నలు అడిగారు: వెలుతురు ఎక్కువైతే ఇబ్బందా, పక్క చూపు ఉందా, మెట్లు దిగడానికి తోడు కావాలా అని. నేను చేరింది ఈ రెండో చోటే. ఇబ్బంది ఏమీ ఉండదని తేల్చేసేవాళ్లు దాని గురించి ఎప్పుడూ ఆలోచించి ఉండరు.

వెంటనే చేర్చుకోలేదు. కొత్తవాళ్ల బ్యాచ్ రెండు నెలలకోసారి మొదలవుతుంది. కారణం చెప్తే సబబే అనిపించింది. మొదటి వారాలన్నీ పడటం నేర్చుకోవడానికే పోతాయి, మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చెప్తూ ఉంటే ఎవరికీ రాదు. ఈలోగా ఒకరోజు క్లాసు అంచున కుర్చీ వేసుకుని చూడమన్నారు. తప్పకుండా చూడండి. ఆ ఒక్క గంటలో ఫోన్‌లో తెలియని విషయాలు బోలెడు తెలుస్తాయి. మాస్టర్ ఎటు తిరిగి మాట్లాడుతున్నారో, మ్యాట్ ఎక్కలేనివాళ్లను మూలన కూర్చోబెట్టేశారో లేదో, ఒకరు "ఇది నా వల్ల కాదు" అంటే ఏం జరుగుతోందో కళ్లారా కనపడుతుంది.

వైద్యం ఫారం నాలుగు పేజీలు. మూర్ఛ, ఆస్తమా, గుండె, బీపీ, ఎముకల బలహీనత, రక్తం పలచబడే మందులు, పాత ఆపరేషన్లు, చెవి యంత్రం, కృత్రిమ కాలు, అన్నీ విడివిడిగా అడుగుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు మెడ గురించి డాక్టరు రాసిన కాగితం లేకుండా మ్యాట్ మీదికి రానివ్వరు. వాళ్లలో కొందరికి మెడలోని పై రెండు ఎముకల మధ్య కీలు వదులుగా ఉంటుంది, పడినప్పుడు వెన్నుపాముకు ప్రమాదం. చెవిలో ఇంప్లాంట్ ఉన్నవాళ్లు బయటి భాగం తీసేస్తే సరిపోతుందనుకుంటారు, వాళ్లకూ డాక్టరు అనుమతి కావాల్సిందే. నా దగ్గర రెటీనా పరీక్ష అడిగారు. పెద్ద మైనస్ పవర్ ఉన్న కంట్లో రెటీనా అంచులు పలచబడి ఉండొచ్చు, దెబ్బ తగిలితే ఊడే అవకాశం మామూలు కంటి కంటే ఎక్కువ. కంట్లో చుక్కలు వేసి పాప పెద్దది చేసి చూస్తారు కాబట్టి కొన్ని గంటలు ఏమీ చదవలేం, బండి నడపలేం. తోడు ఎవరినైనా తీసుకెళ్లండి. అపాయింట్‌మెంటుకే దాదాపు మూడు వారాలు పట్టింది. బ్యాచ్ తేదీ తెలియగానే ముందు ఈ పని మొదలుపెట్టడం మంచిది. రెటీనా బాగుంది, ఆడొచ్చు, కానీ కంటి ముందు మెరుపులు గానీ ఒక్కసారిగా నల్లటి చుక్కలు గానీ కనిపిస్తే ఆ రోజే రావాలి అని డాక్టరు రాసిచ్చారు. ఆ వాక్యం క్లబ్బు ఫారంలోకి కూడా ఎక్కింది.

ఫారంలో అనుమతులు రెండు విడివిడిగా ఉన్నాయి. నేర్పేటప్పుడు ఒంటి మీద చెయ్యి వేసి సరిచేయవచ్చా అనేది ఒకటి, ఫోటోలు తీసుకోవచ్చా అనేది ఇంకొకటి. రెండిటికీ కలిపి ఒకే సంతకం పెట్టించుకునే చోట ఆగి అడగండి. జూడోలో ఒంటిని ముట్టుకోకుండా నేర్పడం కుదరదు, ఫోటోకు మాత్రం మనం వద్దనొచ్చు.

డబ్బు విషయానికొస్తే నెల ఫీజు ఒక్కటే అనుకుని వెళ్తే తడబడతారు. చేరే ఫీజు, సంవత్సరానికోసారి సంఘం సభ్యత్వం, డ్రెస్, గ్రేడింగ్ (బెల్ట్ కోసం పెట్టే పరీక్ష) ఫీజు, గ్రేడింగ్ అయ్యాక కొత్త బెల్ట్, దేనికదే విడి. సభ్యత్వం రసీదు వచ్చేవరకు మ్యాట్ ఎక్కనివ్వలేదు, ఎందుకంటే ప్రమాద బీమా దానితోనే మొదలవుతుంది. సహాయకుడిగా ఇంట్లోవాళ్లు మ్యాట్ మీదికి వస్తే వాళ్లకూ ఆ సభ్యత్వం కావాలా అని ముందే అడగండి. మా బ్యాచ్‌లో ఒకావిడ తన కొడుకుతో పాటు మ్యాట్ మీద ఉండాల్సి వచ్చింది, ఆ ఖర్చు ఆవిడ లెక్కలో లేదు.

డ్రెస్ మొదటి నెల కొనొద్దు. పై జాకెట్ వాళ్లే అరువిస్తారు. కింద జిప్పు, గుండీలు లేని పొడుగు ప్యాంటు, లోపల పాత టీషర్టు చాలు. కొనేటప్పుడు సైజు మన ఎత్తును బట్టి సెంటీమీటర్లలో ఉంటుంది. మందపాటి నూలు గుడ్డ, ఉతికితే కుంచించుకుపోతుంది. ముందే కుదించిన గుడ్డ కాకపోతే ఒక సైజు పెద్దది తీసుకుని చన్నీళ్లలోనే ఉతకాలి, మెషీన్‌లో వేడిగాలికి ఆరబెట్టకూడదు. పోటీలకు వాడే బరువైన జాకెట్ చదరపు మీటరుకు 750 గ్రాముల దాకా ఉంటుంది. అది తడిస్తే మోయలేం, ఆరడానికి రెండు రోజులు. కొత్తవాళ్లకు 350 గ్రాముల పలచటి రకం చాలు. ప్రతి క్లాసు తర్వాతా ఉతకాల్సిందే. తామర లాంటి చర్మపు అంటు మ్యాట్ మీద ఒకరి నుంచి ఒకరికి ఇట్టే పాకుతుంది.

మొదటి రోజు గుమ్మం దగ్గరే గోళ్లు చూశారు. చిన్నపిల్లల్ని చూసినట్టు ఏమిటని కాస్త చిన్నతనంగా అనిపించింది. చేతివీ కాలివీ చర్మం దాకా కత్తిరించాలి, ఉంగరాలు, గాజులు, చెవి దిద్దులు, మెడలోవి అన్నీ తీసేయాలి. ఉంగరం రాకపోతే టేపు చుట్టి సరిపెట్టనివ్వరు, ఎందుకంటే అది ఎదుటివాళ్ల జాకెట్ గుడ్డలో చిక్కుకుంటే విరిగేది మన వేలే. చెప్పులు మ్యాట్ అంచుదాకా వేసుకురావాలి, బాత్రూమ్‌కు ఉత్తి కాళ్లతో వెళ్తే మళ్లీ కడుక్కునేదాకా మ్యాట్ ఎక్కనివ్వరు. జాకెట్ ఎడమ వైపు పైకి వచ్చేలా వేసుకోవాలి. బెల్ట్ రెండు చుట్లు తిప్పి ముందు ముడి. ఈ ముడి అద్దం ముందు ఎంత చూసినా రాలేదు, ఒకరు వెనక నుంచి నా చేతులు పట్టుకుని వేయిస్తే వచ్చేసింది.

నా అద్దాల పెట్టెకు ఒక చోటు చూపించారు: మాస్టర్ నిలబడే మూలకు పక్కన, ఎప్పుడూ అదే చోటు. అద్దాలు మీకూ ఉంటే ఈ ఏర్పాటు అడిగి చేయించుకోండి. మసక చూపుతో అద్దాలు వెతుక్కోవడం అంత చిరాకు ఇంకోటి లేదు.

మోకాళ్ల మీద కూర్చుని నమస్కారం పెట్టడంతో క్లాసు మొదలవుతుంది. మోకాళ్లు వంగనివాళ్లు నిలబడి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు కూర్చునే తల వంచుతారు. దీనికి ఎవరూ విడిగా అనుమతి అడగలేదు, ఎవరూ విడిగా ప్రకటించలేదు. నాకు ఆ చోటు మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

తర్వాత పడటం. జపనీస్‌లో ఉకెమి అంటారు, క్లాసులో అందరూ బ్రేక్‌ఫాల్ అంటారు. నిలబడి మొదలుపెట్టరు. ముందు వెల్లకిలా పడుకుని గడ్డం ఛాతీకి ఆనించి, రెండు చేతులూ ఒంటికి 30 నుంచి 45 డిగ్రీల దూరంలో, అరచేతులు కిందికి పెట్టి మ్యాట్‌ను కొట్టాలి. వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా ఒకేసారి తగలాలి. అది కుదిరాక కూర్చుని వెనక్కి, తర్వాత గొంతుక్కూర్చుని, చివర్న నిలబడి. తప్పులు అందరూ ఒకే రకంగా చేస్తారు. చేతులు మరీ బారగా చాస్తే దెబ్బ భుజానికి ఎక్కుతుంది. ఊపిరి బిగబడితే వీపు తగలగానే గాలి ఆడక గుడ్లు తేలేస్తాం. అన్నిటికంటే చెడ్డది, పడబోతూ చెయ్యి వెనక్కి చాచి నేలను ఆపబోవడం. మణికట్టు, మోచెయ్యి, కాలర్ బోన్ విరిగేది ఇలాగే. బుర్రకు ఎంత తెలిసినా చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది, అందుకే వారాలు పడుతుంది.

తల వెనక్కి వాలకుండా ఉండటానికి "బెల్ట్ ముడి చూడండి" అంటారు. ముడి కనపడేవాళ్లకు సరే. మాకు టెన్నిస్ బంతి ఇచ్చారు. గడ్డానికీ ఛాతీకీ మధ్య బంతి నొక్కి పట్టుకుని వెనక్కి పడాలి, బంతి జారి దొర్లితే తల వాలినట్టు. మొదట్లో హాలంతా బంతులే దొర్లాయి. పక్కన పూర్తిగా చూపున్న కుర్రాడు కూడా బంతి అడిగి తీసుకున్నాడు, ముడి చూడటం కంటే ఇదే తేలిక అని. రెండో వారానికి బంతులు బ్యాచ్ మొత్తానికి వచ్చేశాయి. మర్నాడు పొద్దున్న నొప్పి వీపులో వస్తుందనుకున్నాను, వచ్చింది మెడ ముందు భాగంలో. దిండు మీద నుంచి తల లేపాలంటే చేత్తో పట్టుకుని లేపుకోవాల్సి వచ్చింది. రెండు మూడు రోజుల్లో పోతుంది, భయపడకండి. చేతులు తిమ్మిరెక్కినా, నొప్పి భుజంలోకి పాకినా మాత్రం ఆపి చూపించుకోవాలి.

నేర్పే తీరు గురించి కాస్త ఎక్కువ రాయాలి, తేడా అంతా అక్కడే ఉంది. "ఇలా పట్టుకుని, ఇటు తిరిగి, అలా లాగండి" అనే వాక్యంలో నాకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. మా మాస్టర్ "నీ కుడి చెయ్యి ఆయన కాలర్ పట్టీ మీద, కాలర్ బోన్ ఎత్తులో, ఎడమ చెయ్యి ఆయన మోచేతి దగ్గర స్లీవ్ మీద, ఎడమ పాదం ఆయన కుడి పాదం పక్కకి" అని భాగాల పేర్లతో చెప్తారు. దిక్కు చెప్పాలంటే గడియారం: ఎదుటివాళ్లు 12 దగ్గర, నువ్వు 3 వైపు అడుగు వెయ్యి అంటారు. అప్పటికీ అర్థం కాకపోతే నన్నే మధ్యలోకి పిలిచి నా మీద నెమ్మదిగా చేసి చూపిస్తారు. అందరూ కళ్లతో చూస్తారు, నేను ఒంటితో తెలుసుకుంటాను. మొదట్లో నలుగురిలో పిలవడం ఇబ్బందిగా అనిపించింది, తర్వాత ఎవరైనా నాకంటే ముందు పిలిపించుకుంటే కాస్త అసూయ కూడా వేసింది. వినపడనివాళ్లు మాస్టర్ పెదవులు కనపడేలా ముందు వరసలో ఉంటారు, "మతె" అని ఆపమన్నప్పుడు వాళ్లతో జతగా ఆడేవాళ్లు భుజం మీద తడతారు. హోరు భరించలేని ఒక అబ్బాయి కోసం విజిల్ తీసేశారు, క్లాసు క్రమం ప్రతిసారీ ఒకటే ఉండేలా గోడకు బొమ్మలతో అంటించారు. ఆ బొమ్మల వల్ల ఎక్కువ లాభపడింది ఆలస్యంగా వచ్చేవాళ్లు.

జూడో మసక చూపువాళ్లకు ఇంత తేలిగ్గా పడుతుందని ఊహించలేదు. కారణం పట్టు. జాకెట్ పట్టుకుని ఉన్నంతసేపు ఎదుటివాళ్ల బరువు ఏ కాలి మీద ఉందో గుడ్డలోంచే తెలుస్తుంది. చూపు లేనివాళ్ల పోటీల్లో నియమమే అది: ఇద్దరూ ముందే పట్టుకుని నిలబడతారు, అప్పుడే ఆట మొదలు, పట్టు పూర్తిగా విడిపోతే రిఫరీ ఆపి మళ్లీ పట్టించి మొదలుపెడతాడు. 1988 సోల్ పారాలింపిక్స్ నుంచి పురుషులకు, 2004 ఏథెన్స్ నుంచి మహిళలకు జూడో ఇలాగే నడుస్తోంది. మా క్లబ్బులో కొత్త బ్యాచ్‌కంతా ఇదే నియమం పెట్టారు. పట్టు కోసం చేతులు విదిలించుకునే గొడవ ఉండదు, వేళ్లకు దెబ్బలూ తగ్గుతాయి. పట్టులో బలం చిటికెన వేలి వైపు ఉండాలి, బొటనవేలు వదులుగా. నేను అన్ని వేళ్లూ బిగించేదాన్ని, ముంజేతులు పది నిమిషాల్లో రాయిలా అయిపోయేవి.

మూడో వారంలో నేల మీద అదిమిపట్టడం మొదలైంది. దానికి ముందు ట్యాప్. ఇక చాలనుకుంటే ఎదుటివాళ్ల ఒంటి మీద గానీ మ్యాట్ మీద గానీ గట్టిగా రెండు మూడుసార్లు తట్టాలి. చేతులు ఇరుక్కుంటే కాలితో, అదీ కుదరకపోతే నోటితో. ట్యాప్ తగలగానే వదిలేయాలి, ఎందుకని అడగకూడదు. చూపు, వినికిడి, మాట, ఏది లేకపోయినా పనిచేసే సైగ ఇదొక్కటే. అరగంట సేపు ఇదే చేయించారు, ఆ అరగంట నాకు చాలా కాలం పనికొచ్చింది. కెసగతామె అనే పట్టులో ఒకరు పక్కన కూర్చుని మన మెడ చుట్టూ చెయ్యి వేసి, పక్కటెముకలతో ఛాతీ మీద వాలతారు. పోటీలో ఇలా 20 సెకన్లు పట్టి ఉంచితే గెలుపు. మొదటిసారి మూడు సెకన్లకే ట్యాప్ చేశాను. నొప్పికి కాదు, ఊపిరాడదేమోనన్న భయానికి. పెద్ద ఊపిరి కోసం పెనుగులాడకుండా పొట్టతో చిన్న చిన్న ఊపిరులు తీసుకోవాలని పక్కన కృత్రిమ కాలు తీసి పెట్టి ఆడుతున్న ఆయన చెప్పాడు. ఆయన నిలబడి ఎదుటివాళ్లను పడేసే త్రోలు చేయడు, ఆట అంతా నేల మీదే, అక్కడ మాలో ఎవరమూ ఆయన కింది నుంచి లేవలేకపోయాం. గొంతు నొక్కే పట్టులు, మోచేతి లాకులు కొత్తవాళ్లకు నేర్పలేదు.

రెండో నెలలో ఒక వారం మాస్టర్ ఊళ్లో లేరు. వేరేవాళ్లు వచ్చి వార్మప్‌లో అందర్నీ హాలు చుట్టూ గుండ్రంగా, ఒక్కోసారి ఎదురెదురుగా పరిగెత్తించారు. అద్దాల్లేకుండా ఎదురు పరుగు అంటే నాకు గుద్దుకోవడమే. ఆపేసి అంచుకు వచ్చేశాను. ఆ రోజు చూపించినవన్నీ "ఇలా, అలా". కోపం వచ్చింది, ఇంటికి వెళ్లేటప్పుడు మానేద్దామని కూడా అనిపించింది. మాస్టర్ వచ్చాక చెప్తే, ఒక్కొక్కరి అవసరం ఒకే వాక్యంలో రాసిన కాగితం హాజరు పుస్తకానికి అంటించారు. "అద్దాలు లేకుండా కనపడదు, ఎదురు పరుగు వద్దు, భాగాల పేర్లతో చెప్పాలి": నాది అంతే. మొదటి రోజే ఇలాంటి వాక్యం మీరే రాసి ఇచ్చేయండి, ఎవరో కనిపెట్టి చేస్తారని ఆగొద్దు.

మ్యాట్ సంగతి కూడా అప్పుడే తెలిసింది. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల మందం ముక్కలు పక్కపక్కన పేరుస్తారు. ఆట సాగేకొద్దీ అవి జరిగి మధ్యలో సందు వస్తుంది, కాలి బొటనవేలు దిగబడేది అందులోనే. కాలితో తడిమి సందు తగిలితే చెయ్యి ఎత్తి ఆపించండి. మా దగ్గర అంచు ముక్కలు వేరే రంగు, నాకు మసకలోనూ ఆ రంగు తేడా తెలుస్తుంది.

త్రోలు జూన్‌లో వచ్చాయి, ముందు మోకాళ్ల మీద నుంచి, తర్వాత మందపాటి పరుపు మీద. ఒసోతో-గారి అనే త్రో నేర్పేటప్పుడు మాస్టర్ గొంతు మార్చి చెప్పారు. ఎదుటివాళ్ల బరువు ఒక కాలి మీదికి తెచ్చి, ఆ కాలి వెనక మన కాలు వేసి ఊడ్చేయడం. చూడటానికి తేలిక, కానీ పడేవాళ్లు తిన్నగా వెనక్కి పడతారు, గడ్డం లోపలికి లేకపోతే తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. అందుకే పడటం నమ్మకంగా రానివాళ్ల మీద అది వేయనివ్వరు. తలకు దెబ్బ తగిలినా, తల తిరిగినా, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, డాక్టరు సరే అనేదాకా రాకూడదు. ఈ విషయంలో "బాగానే ఉన్నాను" అనే మాటకు విలువ ఇవ్వని క్లబ్బునే ఎంచుకోండి.

గ్రేడింగ్‌లో మూడు వైపులా పడటం, రెండు అదుములు, రెండు త్రోలు, పేర్లు అడిగారు. ఎవరి ఒంటికి కుదరనిది వాళ్లకు మార్చారు. నేల మీద ఆడే ఆయనకు త్రోల బదులు అదుములోంచి బయటపడే పద్ధతులు అడిగారు. మార్చినదాన్ని మాత్రం గట్టిగానే అడిగారు. ఇద్దరికి ఆ రోజు బెల్ట్ రాలేదు, ఏది రాలేదో రాసిచ్చి మళ్లీ తేదీ ఇచ్చారు. నాకైతే అందర్నీ పాస్ చేసేయడం కంటే ఇదే మర్యాద అనిపించింది.

ఇప్పుడు కొత్త బ్యాచ్‌కు జతగా నన్ను నిలబెడుతున్నారు. అందులో మొదట నేర్పింది ఒక్కటే: వాళ్లు పడేటప్పుడు స్లీవ్ వదలొద్దు, పైకి లాగి పట్టు, తల నేలకు తగలకుండా ఆపేది ఆ చెయ్యే.